ఎర్ర గీత ఇవతల

ఈవారమే ఈ కథ చేతికి తీసుకున్నవారి కోసం రెండు ముక్కలు. మా మరదలు, అంటే పోయిన నా భార్యకు చెల్లెలు, రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి తన మూతి కొంచెం పక్కకి పోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ సెంటర్‌లో ఆ చేతికి మళ్ళీ పని నేర్పడానికి మేడం ఒక వీడియో గేమ్ పెట్టింది. అక్కడున్నది ఒక్కటే ఆట, ఐస్ హాకీ. రోజూ పొద్దున పదింటికి నేనూ మరదలూ ఒకే జట్టుగా కూర్చుని కంప్యూటర్ జట్టుతో ఆడతాం. శుక్రవారం పెద్దడాక్టర్ వచ్చి చూసి సరేనంటే మరదలు తన టేబుల్ దగ్గరికి తిరిగి వెళ్తుంది. కాదంటే ఆ టేబుల్ ఇంకొకరిది, తను దారాలు కత్తిరించే గదిలో కూర్చోవాలి. సోమవారం మేడం నవ్వుతూ నా చేతిలో ఒక కాగితం పెట్టిన దగ్గర కిందటివారం ఆగాం.

ఆ కాగితంలో రెండు వరసల అంకెలున్నాయి. మేడం వేలు మొదటి వరస మీదే ఉంది.

"చూడండి సార్. మొదటి వారం ఒక్కో ఆటకి పంతొమ్మిది ఐసింగులు. ఇప్పుడు మూడు. ఎడమ బొటనవేలు కదులుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? శుక్రవారం డాక్టర్‌గారు సంతకం పెట్టేస్తారు."

ఆవిడ సంతోషంలో తప్పు లేదు. ఐసింగ్ అంటే ఏమిటో తెలిస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. నేను ముప్పై ఏళ్ళు సర్వే ఆఫీసులో పటాలు గీసినవాణ్ణి. గీతలున్న ఆట ఏదైనా నాకు తొందరగానే పట్టుబడుతుంది. మొదటి రోజే ఆ మైదానాన్ని గ్రాఫు కాగితం మీద గీసి మరదలికి చూపించాను. మూలలు గుండ్రంగా ఉన్న పొడవాటి మంచు గచ్చు. సరిగ్గా మధ్యలో అడ్డంగా ఎర్ర గీత. దానికి అటొకటి ఇటొకటి నీలి గీతలు. రెండు చివర్లా గోల్ పక్కగా సన్నటి ఎర్ర గీతలు. ఒక్కో జట్టుకు గోల్ కీపర్‌తో కలిపి ఆరుగురు, అందరి చేతుల్లో కర్రలు, వాటి మధ్య జారే నల్ల రబ్బరు బిళ్ళ. అంతే సరంజామా.

నియమాల్లో ముఖ్యమైనవి రెండే. నీలి గీత దాటి ఎదుటివాళ్ళ గోల్ వైపు వెళ్ళాలంటే ముందు బిళ్ళ వెళ్ళాలి, ఆ తర్వాతే మనిషి. మనిషి తొందరపడి ముందే దూరితే ఆఫ్‌సైడ్. ఇక ఐసింగ్. మన సగంలో నిలబడి బిళ్ళను ఒక్క దెబ్బతో అవతలి చివరి గీత దాటించకూడదు. దాన్ని మధ్య ఎర్ర గీత దాకా తీసుకొచ్చి, అక్కడినుంచి ఎంత దూరమైనా కొట్టుకోవచ్చు. ఇవతలినుంచే విసిరేస్తే ఈల మోగుతుంది. మనల్ని మళ్ళీ మన గోల్ పక్కకే తీసుకొచ్చి, రిఫరీ ఇద్దరి కర్రల మధ్య బిళ్ళ వదిలి ఆట మొదలుపెడతాడు.

రెండు చేతులా పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో బిళ్ళ కొట్టడం, అందించడం, కర్ర చాపడం అన్నీ కుడిచేతి పనులు. మనిషిని మంచు మీద నడిపించడం ఒక్కటే ఎడమ బొటనవేలి పని. ఆ వేలు మాట వినకపోతే బిళ్ళను ఎర్ర గీత దాకా తీసుకురావడం ఉండదు. ఉన్నచోటినుంచి విసిరికొట్టడమే. అందుకే మేడం ఐసింగులు లెక్కపెట్టేది. చేతిని నేరుగా పరీక్షిస్తే రోగి జాగ్రత్తపడుతుందని, ఆటలో ఈలలైతే అబద్ధం చెప్పవని ఆవిడ పద్ధతి.

నేను రెండో వరస చూశాను. పెనాల్టీలు. మొదటివారం రెండు. ఇప్పుడు పద్నాలుగు.

"ఇదేంటి మేడం?"

"కొంచెం దూకుడు పెరిగింది. పర్లేదు సార్, హుషారు మంచిదే."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం అన్నం కలుపుకుంటుండగా గుర్తొచ్చింది. ఐసింగ్ నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును ఆటలోని సహాయం పేజీలో చదివి మరదలికి చెప్పింది నేనే.

మంగళవారం పదింటికి ఐదు నిమిషాల ముందే సెంటర్ రెండో అంతస్తుకి చేరాను. మరదలు అప్పటికే టీవీ ముందు కూర్చుంది. కిటికీ ఎండ తెర మీద పడి బొమ్మ కనిపించేది కాదు, సెంటర్‌లో ఊడ్చి తుడిచే ఆయమ్మ ఎప్పుడో చూసి కుర్చీలు రెండూ పక్కకి జరిపింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆ రోజునుంచి కుర్చీలు అక్కడే ఉంటున్నాయి.

"ఏంటి బావా, మొహం అలా వేలాడేశావు? ఆ పీతనిలా ఇవ్వు."

కంట్రోలర్‌కి తను పెట్టిన పేరది. రెండు వైపులా కొమ్ములున్నాయిగా.

నేను దాన్ని అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాను, ఇవ్వలేదు. "నువ్వు కావాలనే పడేస్తున్నావు."

"ఎవర్ని?"

"అవతలి జట్టువాళ్ళని. కాళ్ళకి కర్ర అడ్డం పెట్టి."

"ఆటన్నాక పడతారు. మంచు కదా, జారుతుంది."

"పద్నాలుగుసార్లు జారదు."

"తెర మీద బొమ్మల కోసం ఇంత బాధపడతావేంటి బావా? వాళ్ళ అమ్మలెవరూ వచ్చి నన్ను అడగరులే."

నాకు నవ్వొచ్చింది. మా పెళ్ళినాటికి తనకి పదకొండేళ్ళు. అప్పటినుంచీ ఇంతే. నిజం దగ్గరికి రాగానే ఒక చెణుకు విసిరి పక్కకి తప్పుకుంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. ఇన్నేళ్ళూ అలాగే గడిచిపోయింది. ఈసారి నవ్వును మింగి గ్రాఫు కాగితం తీశాను.

"వాడు పడగానే రిఫరీ చెయ్యెత్తుతాడు. నీ మనిషి వెళ్ళి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటాడు. మనం ఒకరు తక్కువ. ఒకరు తక్కువైనప్పుడు బిళ్ళను ఎక్కడినుంచి ఎక్కడికి కొట్టినా ఐసింగ్ లేదు. ఈల మోగదు. నువ్వు నీ గోల్ దగ్గరే నిలబడి, ఆ రెండు నిమిషాలూ కుడిచేత్తో ఆ చివరికి కొడుతూ కూర్చుంటున్నావు. వాడు బాక్సులోంచి బయటికి రాగానే ఇంకొకణ్ణి పడేస్తావు."

మరదలు కాగితం వైపు చూసింది, నా వైపు చూడలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే చెప్పకు."

హాలు అవతలి వైపు ఒక పెద్దాయన రెండు ఇనుప కడ్డీల మధ్య అడుగులు వేస్తున్నాడు. ఒకటి, రెండు, ఆగి ఊపిరి, మూడు. ఆయమ్మ తుడుస్తూ తుడుస్తూ మా దాకా వచ్చింది. మా మొహాలు చూసి బకెట్టు ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"వేలు కదులుతుంది బావా," అంది మరదలు నెమ్మదిగా. "అది అబద్ధం కాదు. చూస్తూ ఉంటే కదులుతుంది. చూపు పక్కకి తిప్పానో, అది ఎక్కడుందో నాకు తెలీదు. బస్సులో మర్చిపోయిన గొడుగులా ఎక్కడో ఉంటుంది. తెర చూస్తే వేలు పోతుంది, వేలు చూస్తే బిళ్ళ పోతుంది. ఏం చెయ్యను?"

"మేడంకి ఆ మాట చెప్పాలి."

"చెప్తే శుక్రవారం పోతుంది. శుక్రవారం పోతే టేబుల్ పోతుంది. ఇరవై రెండేళ్ళు బావా ఆ టేబుల్ దగ్గర. నా ఎత్తుకి తగ్గట్టు దాని కాళ్ళు కోయించారు, తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిస్తే నోరు మూసుకో. అక్కడికెళ్ళాక చూసుకుంటాను. ఎడమ చెయ్యి వైపు చూస్తూనే కోస్తాను."

ఆ టేబుల్ నేను చూశాను. నా భార్య ఉన్నప్పుడు ఒకసారి ఇద్దరం అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాం. అరవై పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి ఉంది. పైపొర మీద సుద్ద గీత. మరదలు కుడిచేత్తో నిలువు కత్తి మిషన్ తోస్తోంది. ఎడమ అరచెయ్యి గుడ్డను అదిమిపట్టి కత్తికి నాలుగు వేళ్ళ దూరంలో ముందుకి ముందుకి జరుగుతోంది. తన చూపు సుద్ద గీత మీదినుంచి ఒక్కసారి కూడా కదల్లేదు. ఎడమ చెయ్యి తనంతట తనే కత్తికి దారిస్తూ పోయింది. నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, మాట్లాడొద్దని.

"చూపు చేతి మీద పెడితే గీత మీద ఎవరు పెడతారు?" అన్నాను.

మరదలు గ్రాఫు కాగితం మడిచి నా వైపు తోసింది.

"సరే, ఒకటి చెప్పు. ఇలాంటి చేత్తో ఎవరైనా నీ టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. మంచి పనిమంతురాలే, ఇరవై రెండేళ్ళ అనుభవం. మాస్టర్‌వి నువ్వు. కత్తి స్విచ్ వెయ్యనిస్తావా?"

అంత కటువుగా అడగాలనుకోలేదు. కానీ అడిగింది వెనక్కి తీసుకోలేదు. పెద్దాయన కడ్డీల చివరిదాకా వెళ్ళి, తిరిగి, సగం దారి వచ్చేదాకా మరదలు తన ఎడమ చేతినే చూస్తూ కూర్చుంది.

"వెయ్యనివ్వను," అంది చివరికి. "చెయ్యి పట్టుకుని బయటికి నడిపిస్తాను." తర్వాత నా ఒళ్ళోంచి కంట్రోలర్ లాక్కుంది. "ఇవాళ మంగళవారం. ఇంకా మూడు రోజులుంది. నీ బ్యాగులో తువ్వాలు ఉందా?"

ఉంది. ఎడమ చేతి మీద కప్పమంది. చేతిని, అది పట్టుకున్న సగం కంట్రోలర్‌ని కలిపి కప్పాను. ఇక చూద్దామన్నా చేతిని చూడ్డానికి లేదు.

"ఒక్కణ్ణి కూడా పడేయను. ఈల మోగితే మోగనీ. నువ్వు మాత్రం 'పర్లేదు, పర్లేదు' అనకు. నాకు చిరాకు."

ఆట మొదలైంది. రిఫరీ బిళ్ళ వదిలాడు. బిళ్ళ మరదలి మనిషికి దొరికింది, వాడు నిలబడ్డచోటే గానుగెద్దులా గుండ్రంగా తిరిగాడు. ఎదుటివాళ్ళు ముగ్గురు మీదికొచ్చారు. తను కంగారుపడి కుడిచేత్తో బిళ్ళను ఆ చివరికి కొట్టింది. ఈల. ఐసింగ్.

మళ్ళీ మన గోల్ పక్కన. మళ్ళీ బిళ్ళ. ఈసారి వాడు గుండ్రంగా తిరగలేదు, నేరుగా వెళ్ళి పక్క గోడను గుద్దుకున్నాడు. ఈల కాదు, గోల్. మనమీద.

"గోడ దగ్గర ఏం పని వీడికి?"

"నువ్వే పంపావు."

"నేను పంపింది అటు కాదు." కాసేపాగి, "అటే పంపానన్నమాట," అంది.

రెండో ఐసింగ్, మూడు, నాలుగు, ఐదు. ప్రతిసారీ మొదటికే. నేను పర్లేదనలేదు. తువ్వాలు కింద ఏదో కొద్దిగా కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం కనిపిస్తోంది. తన నుదుటిమీద చెమట పట్టింది. ఏడో ఈల తర్వాత తను తెరకి దగ్గరగా వంగింది.

"బావా, నా వేలు ఎక్కడుందో వాడు చెప్తున్నాడు."

"ఎవడు?"

"ఆ మంచు మీది సన్నాసి. వాడు ఎడమకి పోతే నా వేలు ఎడమకి ఉన్నట్టు. ఆగితే వేలు జారిపోయినట్టు. చేతిని అడిగితే చెప్పట్లేదు, వాడు చెప్తున్నాడు."

తొమ్మిదో ఐసింగ్‌కి వాడు ఎర్ర గీతకి ఇద్దరు మనుషుల దూరం దాకా వచ్చాడు. పదకొండో దానికి గీత అంచు దాకా వచ్చి, మరొక్క అడుగు వెయ్యలేక విసిరేశాడు. తను తిట్టుకోలేదు. కుడిచేతి వేళ్ళు ఒకసారి విదుల్చుకుని మళ్ళీ పట్టుకుంది. గుడ్డ పొరలు సరిగ్గా కుదరలేదంటే మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి పరిచేటప్పుడు తను అలాగే చేస్తుందని నా భార్య చెప్పేది.

మళ్ళీ బిళ్ళ దొరికింది. మనిషి వంకరటింకరగా బయల్దేరాడు. ఎదుటివాడొకడు కర్ర చాచాడు. వీడు ఆగి, పక్కకి జరిగి, మళ్ళీ ముందుకి కదిలాడు. ఎర్ర గీత వచ్చింది. దాటాడు. ఈల లేదు. ఇంకా వెళ్తున్నాడు. నీలి గీత కూడా వచ్చింది. దాటాడు. అప్పుడు మోగింది ఈల.

"ఐసింగ్ కాదుగా ఇది?"

కాదు. ఆఫ్‌సైడ్. బిళ్ళకన్నా ముందే నీలి గీత అవతలికి వెళ్ళి గోల్ ముందు చేతులు చాచి నిలబడ్డవాణ్ణి నేనే.

మరదలు నా వైపు తిరిగింది. "మూడు నెలలు బావా. మూడు నెలల తర్వాత ఒక్కసారి తీసుకెళ్ళాను. పెళ్ళివారికన్నా ముందు పంక్తిలో కూర్చున్నట్టు నువ్వెందుకు అక్కడ తయారయ్యావు?"

"సంతోషంలో చూసుకోలేదు."

తను నవ్వింది. మొహం రెండు వైపులా సమంగా నవ్వింది. అది ఎప్పటినుంచి సమమైందో నేను గమనించలేదు.

"బాగుందండి, నవ్వులు బయటికి వినిపిస్తున్నాయి," అంటూ మేడం వచ్చింది. రిమోట్ నొక్కి ఆ ఆట లెక్క తెర మీదికి తెచ్చింది. ఐసింగులు పదకొండు, పెనాల్టీలు సున్నా. ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి? మూడు దాకా వచ్చినవాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళారేం? చెయ్యి నొప్పిగా ఉందా?"

నేను నోరు తెరిచాను. మరదలు మోచేత్తో నన్ను పొడిచింది, ఎడమ మోచేత్తో.

"వెనక్కి వెళ్ళలేదు మేడం. ముందుకే ఎప్పుడూ రాలేదు," అంది. తనే చెప్పింది, మొత్తం. కర్రలు అడ్డం పెట్టడం, ఒకరు తక్కువైతే ఈల మోగదని తెలుసుకోవడం, గొడుగులాంటి చెయ్యి, అన్నీ. చెణుకులేమీ లేకుండా, సూపర్‌వైజర్‌కి పాడైన గుడ్డ గురించి చెప్పినట్టు వరసగా చెప్పింది.

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ తన రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకుంది. ఆ తర్వాతే తువ్వాలు తీసి ఆ ఎడమ చెయ్యి పట్టుకుంది.

"నేను ఒక వరసే చూశాను," అంది. "నా పద్ధతిని నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను. ఇదే లెక్క శుక్రవారం డాక్టర్‌గారి ముందు పెట్టేదాన్ని. మీరు కత్తి దగ్గరికి వెళ్ళేవారు."

"శుక్రవారం ఇక లేనట్టేనా మేడం?"

"ఎందుకుండదు? ఇవాళ ఎర్ర గీత ఎన్నిసార్లు దాటించారు?"

"ఒక్కసారి."

"చేతిని చూడకుండా?"

"చూడకుండా."

మేడం లేచి ఆట అమరికల్లోకి వెళ్ళి ఒకటొకటిగా మార్చింది. "పెనాల్టీలు తీసేశాను. ఎవరిని పడేసినా మీ జట్టులో ఒకరు తగ్గరు. ఐసింగ్‌కి మినహాయింపు దొరకదు. డాక్టర్‌గారి ముందు ఒక పూర్తి ఆట, మూడు పీరియడ్లు. అందులో పదిసార్లు బిళ్ళను ఎర్ర గీత దాటించాలి, చెయ్యి తువ్వాలు కింద ఉండగా. దాటిస్తే నేనే అడిగి సంతకం పెట్టిస్తాను. లేకపోతే పెట్టించను."

"సరే," అంది మరదలు.

"ఇంకొకటి. కంప్యూటర్ ఎప్పుడూ ఒకేలా ఆడుతుంది. అది ఎటునుంచి వస్తుందో మీకు కంఠతా వచ్చేసింది. గుడ్డ రోజూ ఒకేలా ఉండదు కదా." ఆవిడ నా కంట్రోలర్ బొమ్మను తెర మీద ఎడమనుంచి కుడికి జరిపింది. "సార్ అవతలి జట్టు. ఈవిడ గీత దాటకుండా ఆపాల్సింది మీరే."

"నేనా?" అన్నాను. "నేను ఆపితే ఇక..."

"మీరు ఆపలేకపోయారంటేనే ఆ చేతిని నేను నమ్ముతాను. మీరు ఆపకుండా వదిలేశారంటే నాకు తెలియదు, డాక్టర్‌గారికి తెలియదు. కత్తికి మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు ఒక పీరియడ్ ఆడి చూపించండి."

ఆవిడ వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. నేనే తువ్వాలు తీసి మళ్ళీ కప్పాను. మరదలు తెరనుంచి చూపు తిప్పకుండా, నాకు మాత్రమే వినపడేలా అంది:

"అక్కతో క్యారమ్స్ ఆడేటప్పుడు, ఎర్ర కాయ దగ్గరికొచ్చేసరికి నువ్వు కావాలని గురి తప్పేవాడివి."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కడికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"మీ అక్కకి తెలుసా?"

"తెలుసు. వంటింట్లోకొచ్చి నవ్వుకునేది." కంట్రోలర్ సర్దుకుంది. "నేను నవ్వను బావా."

రిఫరీ వంగాడు. రెండు కర్రల మధ్య బిళ్ళ పడింది. అది నా కర్రకి అందింది. మరదలి మనిషి నా మీదికి రాబోయి పక్కకి జారిపోయాడు. తువ్వాలు కింద ఒకసారి, రెండుసార్లు టకటకమంది. వాడు తిరిగి వచ్చేలోపు నేను ఎర్ర గీత దాటాను, నీలి గీత దాటాను. ఇక నా ఎదుట తన గోల్ కీపర్ ఒక్కడే ఉన్నాడు. వాడికి ఎడమ వైపు గోల్ సగం తెరుచుకుని ఉంది. గురి తప్పడం ఎలాగో నా చేతులకి ముప్పై ఏళ్ళుగా బాగా తెలుసు.

నేను గురి చూసి కొట్టాను.